చలికాలంలో పిట్టలకూ గట్టు తగాదాలు!
పిడికెడు పిట్ట.. పట్టు వదలని పోరు - కొట్లాట పురుగు కోసం, లాభం రైతుకు

సంజామల: సర్వే రాయి లేదు. పట్టాదారు పుస్తకం లేదు. అయినా హద్దు దాటి అడుగు పెడితే ఊరుకునే ప్రసక్తి లేదు. సంజామల మండలంలోని నల్లరేగడి చేలల్లో, వంక గట్ల మీద, నాపరాయి గనుల పక్కన ఏటా చలికాలంలో జరిగే తగాదాలివి. వాది ఒక పిట్ట, ప్రతివాది మరో పిట్ట. తక్కెట్లో వేస్తే రెండూ కలిసి యాభై గ్రాములు తూగడమే కష్టం. కొట్లాట మాత్రం కోడిపుంజులకు తీసిపోదు.

దసరా వెళ్ళి పప్పుశనగ విత్తే నాటికి ఈ ప్రాంతానికి కొత్త పిట్టలు దిగుతాయి. హిమాలయాల నుంచి, వాటికి ఆవల ఉన్న మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వేల మైళ్ళు ఎగిరి వస్తాయి. అక్కడ మంచు కప్పితే పురుగూ పుట్రా దొరకదు. అందుకే ఎండ కాసే మన నేలకు వలస వస్తాయి. ఉగాది దాటాక, ఎండలు ముదిరే వేళకు తిరిగి వెళ్ళిపోతాయి.

ఈ ఐదారు నెలలూ అవి ఇక్కడ గూడు కట్టవు, గుడ్డు పెట్టవు. గూడు కట్టే రోజుల్లో పిట్టలు కొట్లాడుకుంటే జత కోసమో, పిల్లల కోసమో అనుకోవచ్చు. జతా లేక, పిల్లలూ లేక ఒంటరిగా బతికే చలికాలంలో దేనికోసం ఈ పోట్లాట? చూసేవాళ్ళకు ఇది వట్టి కయ్యంలా కనిపిస్తుంది. పక్షి శాస్త్రజ్ఞులు మాత్రం దీని వెనక పక్కా లెక్క ఉందంటున్నారు. ఆ లెక్క తెలిస్తే రైతుకూ ప్రయోజనం ఉంది.

వంక గట్టున కాపలా

ఈ తగాదాల్లో అందరికీ సులువుగా కనిపించేది తోకూపుడు పిట్ట. తెలుపు, బూడిద, నలుపు రంగులతో సన్నగా ఉంటుంది. నేల మీద గెంతదు, మనిషిలా అడుగులో అడుగు వేసి పరుగెత్తుతుంది. నిలిచిన చోట పొడుగాటి తోకను పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది. కాలువ గట్టు, బావి దరి, పశువులు నీళ్ళు తాగే తొట్టి పక్క బురద, పేడదిబ్బ - దీని నెలవులు.

వీటిలో కంటి మీద తెల్లని బొమతో, కాస్త పెద్దగా ఉండే రకం ఒకటి ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటుంది. చలికాలంలో వచ్చేది ముఖం తెల్లగా ఉండే వలస పిట్ట. కొన్నాళ్ళు ఒకే చోట గమనిస్తే ఈ పిట్ట తీరు తెలుస్తుంది. గట్టు వెంబడి ఒక కొస నుంచి మరో కొసకు పురుగులు ఏరుకుంటూ పోతుంది. తన మేర అయిపోగానే వెనుదిరుగుతుంది. ఇంతలో మరో తోకూపుడు పిట్ట వచ్చి వాలిందా, కీచుమంటూ దూసుకుపోయి హద్దు దాటేదాకా తరుముతుంది. తరిమి వచ్చి, ఏమీ జరగనట్టు మళ్ళీ మేతలో పడుతుంది.

ఈ జాతి పిట్టనే ఇంగ్లండులో నిక్ డేవిస్ అనే శాస్త్రజ్ఞుడు ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది ఒడ్డున చలికాలమంతా వెంబడించి చూశాడు. ఆ పరిశీలన ఫలితాలు 1976లో అచ్చయ్యాయి. తర్వాత హ్యూస్టన్ అనే మరో పరిశోధకుడితో కలిసి 1981లో మరిన్ని వివరాలు వెల్లడించాడు.

ఒక్కో పిట్టకు నది వెంబడి సుమారు 600 మీటర్ల మేర సొంతం. నీటి అలలు ఒడ్డుకు చేర్చే చిన్న చిన్న పురుగులే దాని పంట. ఒక ఒడ్డున పైకి పోయి, రెండో ఒడ్డున కిందికి వచ్చి, మొత్తం ఒక చుట్టు తిరగడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. ఆ 40 నిమిషాల్లో మొదట ఏరిన చోట మళ్ళీ పురుగులు చేరతాయి. అంటే ఈ పిట్ట తన చేనును వంతుల ప్రకారం కోసుకుంటున్నదన్న మాట!

ఇక్కడే తగాదాకు మూలం ఉంది. మధ్యలో పరాయి పిట్ట దిగి కాస్త ఏరుకుపోతే, సొంతదారు ఆ చోటికి వచ్చేసరికి ఒడ్డు ఖాళీగా ఉంటుంది. వంతు తప్పుతుంది. చలికాలంలో ఈ పిట్ట పగటి పొద్దులో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు తిండి వెతకడానికే సరిపోతుంది. మూడు నాలుగు సెకండ్లకు ఒక పురుగు చొప్పున ముక్కున వేసుకుంటే గాని రాత్రి చలికి తట్టుకోలేదు. అంత గీసి గీసి బతికే ప్రాణికి వంతు తప్పడం చిన్న నష్టం కాదు.

దొంగచాటుగా వచ్చిన పిట్టకూ పెద్దగా గిట్టుబాటు కాదు. ఏ చోట పురుగు నిండుగా ఉందో, ఏ చోట ఇప్పుడే ఏరేశారో దానికి తెలియదు. చాలాసార్లు ఖాళీ ఒడ్డులోనే ముక్కు పెడుతుంది. సొంతదారుకు మాత్రం తాను ఎక్కడ ఏరిందీ తెలుసు. తన చేను తనకు తెలిసిన రైతుకూ, కొత్తగా కౌలుకు వచ్చినవాడికీ ఉన్నంత తేడా. అందుకే ఇలాంటి పోరులో ఎక్కువసార్లు సొంతదారుదే పైచేయి అవుతుంది.

గని రాళ్ళ మీద నూనెబుడ్డిగాడు

సంజామల, కొలిమిగుండ్ల, ఔకు, బనగానపల్లె ప్రాంతాలు నాపరాళ్ళకు పేరుపొందినవి. గనుల చుట్టూ గుట్టలుగా పడి ఉన్న రాతి ముక్కల మీద చలికాలంలో ఒక పిట్ట కనిపిస్తుంది. మగదానికి పైభాగం మసి పూసినట్టు నలుపు, పొట్ట, తోక ఇటుక రంగు. ఆడది మట్టి రంగులో ఉంటుంది. కూచున్నప్పుడల్లా చలి జ్వరం వచ్చినట్టు తోక గజగజ వణికిస్తుంది, మాటిమాటికీ తల వంచి లేస్తుంది.

దీనికి తెలుగులో నూనెబుడ్డిగాడు అని పేరు. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన టి.సి. జెర్డన్ అనే ఆంగ్లేయుడు 1862-64 సంవత్సరాల్లో అచ్చయిన తన భారతదేశ పక్షుల గ్రంథంలో ఇలాంటి తెలుగు పేర్లు ఎన్నో రాసిపెట్టాడు. పక్షిని చూసి పేరు పెట్టిన పల్లె జనం నోటి నుంచి వచ్చిన మాటలవి. ఆ పేర్లు ఇప్పుడు చాలా ఊళ్ళలో వినిపించడం లేదు.

నూనెబుడ్డిగాడు హిమాలయాలలోనూ, ఆ పైనున్న ఎత్తయిన కొండ ప్రాంతాలలోనూ వేసవి గడిపి ఇక్కడికి వస్తుంది. ఒక రాళ్ళ కుప్ప, దాని పక్కన కాస్త ఖాళీ నేల చూసుకుని మకాం పెడుతుంది. చీమలు, సాలీళ్ళు, చిన్న పురుగులు దీని తిండి. తన రాళ్ళ కుప్ప మీదికి సొంత జాతి పిట్ట మరొకటి వస్తే ఆడా మగా అన్న తేడా లేకుండా తరుముతుంది. దూరదేశం నుంచి జతగా వచ్చిన పిట్టలైనా ఇక్కడ ఎవరి బతుకు వారిదే.

ఊరి బయట కంప చెట్ల మీద మరో కయ్యాలమారి ఉంది. మట్టి రంగు వీపు, కంటి మీదుగా దొంగ కట్టిన గుడ్డలా నల్లని పట్టీ, డేగకున్నట్టు కొన వంగిన ముక్కు. ఆంగ్లంలో బ్రౌన్ శ్రైక్ అంటారు. సైబీరియా వైపు నుంచి వస్తుంది. వచ్చిన మొదటి రోజుల్లో దీని అరుపు అంతా ఇంతా కాదు. ఎండు గింజలు డబ్బాలో వేసి ఊపినట్టు గరగరమంటుంది. ఆ అరుపు 'ఈ కంప నాది' అని చాటింపు వేయడమే. ముందు వచ్చినది మంచి చోటు పట్టుకుంటుంది. ఆలస్యంగా వచ్చిన పిట్ట మిగిలిన చోటుతో సరిపెట్టుకోవాలి. కాలికి ఉంగరం తొడిగి చూసిన పరిశోధకులకు ఈ జాతి పిట్టలు మరుసటి ఏడు కూడా అదే చోటికి తిరిగి వచ్చినట్టు తేలింది. వేల మైళ్ళు పోయి వచ్చి, పాత కంప చెట్టునే వెతుక్కోవడం ఆశ్చర్యం గొలిపే విషయం.

తూర్పు కనుమల్లో పరిశోధన

పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత అచ్చంగా అతికే పిట్ట మరొకటుంది. వేప చెట్టు గుబుర్లలో ఆకు రంగులో కలిసిపోయి తిరుగుతుంది. బరువు ఏడెనిమిది గ్రాములు. అంటే ఒక పెద్ద నాణెమంత. ఆంగ్లంలో గ్రీనిష్ వార్‌బ్లర్ అంటారు. కంటికి కనిపించడం అరుదు గాని, 'చిస్‌విట్' అన్న దీని కూత చలికాలమంతా చెట్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఈ పిట్ట చలికాల జీవితం మీద జరిగిన ముఖ్యమైన పరిశోధనకు మన ఆంధ్ర ప్రాంతమే వేదిక కావడం గమనార్హం. ట్రెవర్ ప్రైస్ అనే పరిశోధకుడు తూర్పు కనుమల్లో పక్షుల రాకపోకలను పరిశీలించాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1979లో ఆ ప్రాంతపు పక్షుల వివరాలు, 'ఐబిస్' అనే పక్షి శాస్త్ర పత్రికలో 1981లో ఈ చిన్న పిట్ట విషయాలు ప్రచురించాడు. చలికాలంలో ఒక్కో పిట్ట కొన్ని చెట్లను తన సొంతం చేసుకుని, ఇతర పిట్టలను రానివ్వకుండా కాపాడుకుంటుందని తేలింది.

తరువాత మధుసూదన్ కట్టి అనే భారతీయ శాస్త్రజ్ఞుడు తమిళనాడులోని కలక్కాడు-ముండంతురై అడవుల్లో ఇదే పిట్ట కూతలపై పరిశోధించి 2001లో 'కరెంట్ సైన్స్' పత్రికలో రాశాడు. గూడు కట్టని కాలంలో కూడా ఈ పిట్ట నెలల తరబడి ఎందుకు కూస్తుందన్నది ఆయన చూసిన విషయం. ఆ కూత హద్దు రాయి లాంటిది. 'ఇక్కడ నేనున్నాను' అని పొరుగు పిట్టకు చెప్పడమే దాని పని. కూత ఆగితే చోటు ఖాళీ అయిందని పొరుగువాడు అనుకుంటాడు.

రక్తం చిందకుండా హద్దు నిలుపుకోవడానికి కూతను మించిన ఆయుధం లేదు. పిట్టల తగాదా ఒక వరసలో నడుస్తుంది. మొదట కూత. అది చాలకపోతే రెక్కలు విదిల్చి, తోక విప్పి, ఒళ్ళు పెంచి బెదిరింపు. అదీ చాలకపోతే తరుముడు. ముక్కుతో పొడుచుకుని, కాళ్ళు పెనవేసుకుని నేల మీద దొర్లేది ఎప్పుడో ఒకసారి. గాయపడిన పిట్ట పురుగు పట్టలేదు, డేగకు దొరికిపోతుంది. గెలిచినా గాయపడితే ఓడినట్టే.

మరి గుంపులు కట్టే పిట్టల సంగతి?

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. జొన్న చేను మీద పలిస పిట్టలు వందల కొద్దీ గుంపుగా వాలతాయి. పిచ్చుకలు, జినువాయిలు కూడా గుంపుగానే మేస్తాయి. మంచె ఎక్కి వడిసెల తిప్పే రైతుకు ఆ గుంపుల సంగతి బాగా తెలుసు. తిండి కోసమే కొట్లాట అయితే అవి ఎందుకు కొట్లాడుకోవు?

జవాబు తిండి పరచుకున్న తీరులో ఉంది. జొన్న చేనంతా కంకులే. పది ఎకరాల్లో పరచుకున్న గింజను ఒక్క పిట్ట కాపలా కాయలేదు. ఒక మూల తరిమితే మరో మూల వాలతారు. పైగా తాను తినగలిగింది పోగా బోలెడు మిగులుతుంది. అలాంటప్పుడు గుంపులో ఉండడమే మేలు. డేగ వస్తే పది జతల కళ్ళు కనిపెడతాయి. తిండి ఒక చిన్న చోట కుదురుగా ఉండి, ఏరిన కొద్దీ మళ్ళీ ఊరుతుంటేనే కాపలాకు అర్థం ఉంటుంది. కాలువ గట్టు, పేడదిబ్బ, ఒక పూల చెట్టు అలాంటివి.

ఇజ్రాయెల్‌లో ఆమోత్స్ జహావి అనే శాస్త్రజ్ఞుడు దీన్ని తోకూపుడు పిట్టల మీదే పరీక్షించి 1971లో ప్రకటించాడు. అక్కడ చలికాలం గడపడానికి వచ్చిన పిట్టలకు తిండిని చిన్న చిన్న కుప్పలుగా పెడితే, ఒక్కో పిట్ట ఒక్కో కుప్పను ఆక్రమించి మిగతా వాటిని తరిమింది. అదే తిండిని నేలంతా వెదజల్లితే కయ్యం మాని గుంపుగా మేశాయి. పిట్ట ఒక్కటే, గుణం ఒక్కటే. తిండి పెట్టిన తీరు మారితే నడత మారింది. పంచాయితీలు చేసే పెద్దలు కూడా ఆలోచించదగిన విషయమిది.

ఇదే పిట్టలు పొద్దు గూకితే పగలంతా పడ్డ పగ మరిచిపోతాయి. చెరువు జమ్ములోనో, గుబురు చెట్ల మీదో పదుల సంఖ్యలో, ఒక్కోచోట వందల్లో చేరి ఒకే చోట నిద్రిస్తాయి. తెల్లవారితే మళ్ళీ ఎవరి గట్టు వారిది.

కాపలాకూ ఖర్చుంది

పోట్లాట ఊరికే రాదు, దానికీ ఒళ్ళు కరగాలి. ఈ లెక్కను తేనెపిట్టల మీద తేల్చినవారు ఫ్రాంక్ గిల్, లారీ వుల్ఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు. తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో చేసిన ఆ పరిశీలన 1975లో వెలువడింది. అక్కడి తేనెపిట్ట కాపలా కాసిన మొక్క మనకు కొత్తది కాదు. మన ఊళ్ళలో పాడుబడ్డ దొడ్ల వెంట, బీళ్ళలో ముళ్ళ బంతుల్లా గుండ్రటి గుత్తులతో, కాషాయ రంగు పూలు పూసే రణభేరి మొక్కే అది.

తేనెపిట్ట ఊరికే కూచుంటే గంటకు ఖర్చయ్యే శక్తి 400 కేలరీలు. పూల మీద తేనె తాగుతూ తిరిగితే 1000. పరాయి పిట్టను తరిమితే 3000. కూలి లెక్కలో చెప్పాలంటే, తరుముడు పనికి కూచోవడం కంటే ఏడున్నర రెట్లు ఖర్చు. అయినా ఎందుకు తరుముతుంది? కాపలా ఉన్న పూలల్లో తేనె నిండుగా ఊరి ఉంటుంది. తక్కువ సేపట్లో కడుపు నిండి, మిగతా పొద్దు తీరిగ్గా కూచోవచ్చు. కాపలా లేని పూలను పదిమందీ నాకి పోతే, అదే తేనె కోసం పొద్దంతా తిరగాలి.

ఒక్కో పిట్ట ఆక్రమించిన నేల పెద్దదైనా చిన్నదైనా, అందులో పూలు మాత్రం సుమారు 1600 ఉన్నాయి. ఒక రోజు తిండికి సరిపడేంత. అంతకు మించి ఆశ పడలేదు. తేనె ఎక్కువై పొంగిపోయే రోజున, లేదా మరీ కరువైన రోజున కాపలా గిట్టుబాటు కాదు. థేమ్స్ ఒడ్డు తోకూపుడు పిట్ట కూడా పురుగు పుష్కలంగా ఉన్న రోజున ఒక కుర్ర పిట్టను తన గట్టు మీద ఉండనిచ్చింది. బదులుగా ఆ కుర్ర పిట్ట కాపలాలో సాయపడింది. పురుగు తగ్గగానే సొంతదారు దాన్ని వెళ్ళగొట్టింది. సుగ్గి రోజుల్లో జీతగాడిని పెట్టుకుని, పని లేని రోజుల్లో పంపేసినట్టే ఉంది వరస.

అద్దంలో శత్రువు

చలికాలం చివరలో ఊళ్ళలో మరో వింత కనిపిస్తుంది. ఇంటి ముందు నిలిపిన మోటారు సైకిలు అద్దాన్ని తేనెపిట్టో, నల్లంచి పిట్టో టకటకా పొడుస్తుంది. దీనికి శకునాలు చెప్పేవారు, కీడు అని భయపడేవారు లేకపోలేదు. అందులో కీడేమీ లేదు. గూడు కట్టే కాలం దగ్గర పడుతుంటే ఆ పిట్టకు పట్టుదల పెరుగుతుంది. అద్దంలో కనిపించే తన బొమ్మను పరాయి పిట్ట అనుకుని తరమాలని చూస్తుంది. ఎంత పొడిచినా అవతలి పిట్ట పోదు, ఇది ఊరుకోదు. అద్దానికి ఒక గుడ్డ సంచి తొడిగితే శత్రువు మాయమవుతాడు, పిట్టకూ అలసట తప్పుతుంది.

ఇంగ్లండులో డేవిడ్ లాక్ అనే ఉపాధ్యాయుడు ఎర్ర రొమ్ము గల రాబిన్ పిట్టలపై ఇలాంటి పరీక్షలే చేసి 1943లో పుస్తకం రాశాడు. దూది కూరిన బొమ్మ పిట్టను చెట్టు మీద పెడితే సొంతదారు దాన్ని పొడిచింది. పిట్ట ఆకారం లేకుండా ఎర్ర ఈకల కుచ్చు మాత్రం పెట్టినా దాని మీద విరుచుకుపడింది. ఆ పిట్టల్లో చలికాలంలో ఆడది కూడా విడిగా సొంత చోటు పట్టుకుని, పాట పాడి కాపాడుకుంటుంది.

పొలం లేని పిట్టలు

చోటు దక్కని పిట్టల గతి ఏమిటి? అవి అంచుల్లో తిరుగుతాయి. పురుగు తక్కువ ఉన్న చోట, డేగ భయం ఎక్కువ ఉన్న చోట కాలం గడుపుతాయి. చలి ముదిరితే, ఎండు తెవులు ముదిరినట్టు మొదట రాలిపోయేది అవే. ఇంగ్లండులో జాన్ క్రెబ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో ప్రకటించిన పరిశోధనలో, వసంతకాలంలో అడవిలో చోటున్న చిన్న పిట్టలను కొన్నింటిని పట్టి తీసేశాడు. గంటల వ్యవధిలోనే ఆ చోట్లు నిండిపోయాయి. వచ్చినవి అడవి బయట కంచెల్లో, పిల్లలు సరిగా దక్కని చోట ఉన్న పిట్టలు. మంచి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసేవి ఎన్ని ఉన్నాయో దీన్ని బట్టి తెలిసింది.

చిన్న పిట్టకు చలికాలపు చోటు అంటే ప్రాణమే. మనిషి ఒక తుమ్మ చెట్టు కొట్టినా, గెనిమ మీద కంప అంతా తగలబెట్టినా, ఒక పాత బావి పూడ్చినా అందులో ఎవరో ఒకరి పట్టా రద్దయినట్టే. వేల మైళ్ళు ఎగిరి వచ్చి పోయిన ఏటి కంప చెట్టు కోసం వెతికే పిట్టకు అక్కడ చదును చేసిన నేల కనిపిస్తే, పక్క చోట ముందే మరో పిట్ట కాపలా కాస్తూ ఉంటుంది. ఊరికే వెళ్ళి చేరిపోవడానికి వీలుండదు.

రైతుకేమి లాభం?

ఈ కాపలాదారుల్లో చాలా వరకు పురుగులు తినేవే. పప్పుశనగ పూత, పిందె మీద ఉన్నప్పుడు శనగపచ్చ పురుగు చేసే నష్టం ఈ ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు. కాయకు రంధ్రం చేసి, తల లోపల పెట్టి గింజ తింటుంది. మందుకు లొంగని మొండితనం కూడా దీనికి అలవడింది. ఈ పురుగును ఏరి తినే పిట్టల్లో ముఖ్యమైనది పసులపోలిగాడు. ఒళ్ళంతా నిగనిగలాడే నలుపు, కత్తెరలా చీలిన తోక. పశువుల వీపుల మీద కూచుని, అవి కదిలినప్పుడు లేచే పురుగులను గాలిలోనే పట్టేస్తుంది. కాకినీ, గద్దనూ కూడా లెక్కచేయకుండా తరిమి కొట్టే ధైర్యం దీనిది.

పంట చేలో పిట్టలు వాలేందుకు కొయ్యలు నాటాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఎకరానికి 20 వరకు, పైరు కంటే కాస్త ఎత్తుగా, పైన అడ్డ పుల్ల కట్టి నాటాలన్నది సలహా. దీనికి పెద్ద ఖర్చు లేదు. కంది కట్టెతోనో, వెదురు పుల్లతోనో పని జరుగుతుంది. పసులపోలిగాడు ఎత్తున కూచుని చూస్తేనే పురుగు కనిపిస్తుంది. చెట్టూ పుట్టా లేని నల్లరేగడి బయళ్ళలో దానికి కూచునే చోటే కరువు.

ఇక్కడ పిట్టల హద్దుల సంగతి గుర్తుంచుకోవాలి. కొయ్యలన్నీ ఒక మూలనే గుంపుగా నాటితే, ఒకే పిట్ట వాటన్నిటినీ సొంతం చేసుకుని మిగతా వాటిని తరిమేసే అవకాశం ఉంది. చేనంతా దూరదూరంగా పరిచి నాటితే ఎక్కువ పిట్టలకు చోటు దొరుకుతుంది, ప్రతి మూలకూ ఒక కాపలాదారు ఏర్పడుతుంది. కుప్పగా పెడితే కయ్యం, పరిచి పెడితే పొత్తు అన్న జహావి పరీక్ష చేలో కూడా పనికి వస్తుంది.

పిట్టలతోనే పురుగంతా పోతుందని ఎవరూ చెప్పరు. పురుగు మరీ ఉధృతమైతే ఇతర మార్గాలు తప్పవు. అయితే పురుగు కనిపించక ముందే వారం వారం మందు కొట్టే అలవాటు వల్ల పిట్టకు తిండి పోతుంది. మందు తగిలిన పురుగును తిన్న పిట్టకు ప్రాణం పోయే ప్రమాదం ఉంది. కాపలాదారు లేని చేను మీద మళ్ళీ పురుగు లేస్తే ఆ భారం పూర్తిగా రైతు మీదే పడుతుంది.

చేయదగిన పనులు

గెనిమ మీది వేప, తుమ్మ చెట్లను నీడ పడుతుందని మొదలంటా నరకకుండా కొమ్మలు కత్తిరించి ఉంచవచ్చు. గట్టు కంపను ఒకేసారి అంతా కాల్చకుండా సగం ఒక ఏడు, సగం మరో ఏడు తీయవచ్చు. పశువుల తొట్టి పక్క పారే నీటికి చిన్న మడుగు వదిలితే తోకూపుడు పిట్టకు అదే మాగాణి. రణభేరి లాంటి మొక్కలు దొడ్డి మూల నాలుగు ఉంటే తేనెపిట్టకు చాలు.

చలికాలంలో ఉచ్చులు పెట్టి, వలలు పన్ని, ఉండేలు దెబ్బలతో చిన్న పిట్టలను పట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. ఒక పిట్టను కొడితే గుప్పెడు మాంసం కూడా రాదు. పోయేది మాత్రం ఉగాది దాకా ఆ గట్టున రోజూ పురుగు ఏరే పనిమంతుడు.

బడి పిల్లలకు ఇది మంచి పాఠం కూడా. దీనికి దుర్భిణి అక్కరలేదు. ఊరి బావి దగ్గరో, బడి ఆవరణలోనో ఒక తోకూపుడు పిట్టను ఎంచుకుని, అది ఎక్కడిదాకా పోయి వెనుదిరుగుతుందో ఆ చోట ఒక గులకరాయి పెట్టాలి. నాలుగు రోజులు చూస్తే రాళ్ళ మధ్య దాని పొలం పటం తయారవుతుంది. ఏ రోజు వచ్చిందో, ఏ రోజు వెళ్ళిందో గోడ మీద రాసిపెట్టుకుని, వచ్చే దసరాకు అదే గట్టు మీద మళ్ళీ చూడాలి. తిరిగి వస్తే ఆ గట్టు ఇంకా బతికి ఉన్నట్టు లెక్క.